మిలీనియం నవలలు: ఎన్ని చదవాలి, ఏ సినిమా ఎప్పుడు చూడాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. డానియెల్ క్రెయిగ్ నటించిన 'ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ' చూశారు, బాగా నచ్చింది. నవల తెచ్చుకుంటే 70 పేజీలు దాటినా కథ కదలడం లేదు. మొత్తం ఎన్ని పుస్తకాలున్నాయి, ఏ వరుసలో చదవాలి, స్వీడిష్ సినిమాలు కూడా చూడాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఈ మిలీనియం సిరీస్‌లో స్వీడిష్ రచయిత స్టీగ్ లార్సన్ స్వయంగా రాసిన మొదటి మూడు నవలలు చదవండి, అక్కడ ఆగినా ఏమీ పోదు. మొదటిది విడిగా చదవచ్చు. రెండోదీ మూడోదీ మాత్రం అట్టలు వేరైనా ఒకే పుస్తకం. రెండోది మొదలుపెట్టేముందే మూడోది ఇంట్లో ఉండాలి. స్వీడిష్ సినిమాలు తప్పకుండా చూడండి, కానీ థియేటర్ వెర్షన్ కాదు, టీవీ కోసం పొడిగించిన 6 భాగాల వెర్షన్ చూడండి. అది కూడా మూడు పుస్తకాలూ పూర్తయ్యాకే. 2018లో వచ్చిన 'ద గర్ల్ ఇన్ ద స్పైడర్స్ వెబ్' సినిమా వదిలేసినా పర్వాలేదు.

ఇక కారణాలు.

లార్సన్ వృత్తిరీత్యా జర్నలిస్టు. స్వీడన్‌లో తీవ్ర మితవాద, నాజీ ముఠాల మీద పరిశోధన చేసే 'ఎక్స్‌పో' పత్రికను 1995లో పెట్టినవాళ్లలో ఒకడు. మూడు నవలల రాతప్రతులు ప్రచురణకర్తకు ఇచ్చి, ఒక్కటీ అచ్చులో చూసుకోకుండానే 2004 నవంబర్ 9న గుండెపోటుతో పోయాడు. అప్పటికి వయసు 50. లిఫ్టు పనిచేయక ఏడంతస్తులు మెట్లెక్కి ఆఫీసుకు వెళ్లిన రోజు అది. పుస్తకాలు స్వీడిష్‌లో వరుసగా 2005, 2006, 2007లో వచ్చాయి. మొదటి నవల అసలు పేరు 'స్త్రీలను ద్వేషించే మగాళ్లు'. డ్రాగనూ టాటూ ఇంగ్లీషు ప్రచురణకర్తల పుణ్యం. అసలు పేరు తెలిస్తే నవల వేరేలా కనిపిస్తుంది. నాలుగు భాగాలకూ ముందు ఒక్కో గణాంకం ఉంటుంది: స్వీడన్‌లో 18 శాతం మంది స్త్రీలు ఎప్పుడో ఒకప్పుడు మగవాడి బెదిరింపు ఎదుర్కొన్నారు, 46 శాతం మంది మగవాడి చేతిలో హింసకు గురయ్యారు, ఇలాగ. చాలామంది ఆ పేజీలు తిప్పేస్తారు. తిప్పేయకండి, రచయిత ఏ కథ చెప్తున్నాడో అక్కడే రాసిపెట్టాడు.

70వ పేజీ దగ్గర ఎందుకు ఆగిపోతారు? మీరొక్కరే కాదు, ఎక్కువమంది ఆగేది అక్కడే. పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలతో పెరిగిన మనకు మూడో పేజీలో శవం పడాలి. ఇక్కడ పడేది ఒక పరువునష్టం కేసు తీర్పు. మికాయెల్ బ్లూమ్‌క్విస్ట్ అనే ఆర్థిక వ్యవహారాల జర్నలిస్టు, వెన్నర్‌స్ట్రోమ్ అనే పారిశ్రామికవేత్త మీద రాసిన కథనం రుజువు చేసుకోలేక ఓడిపోతాడు. ఆ తర్వాత పడవలో పాత మిత్రుడు చెప్పిన కబురు, పోలండ్, ప్రభుత్వ సాయం, కంపెనీలు, క్రోనర్లు (స్వీడిష్ కరెన్సీ) పేజీలకు పేజీలు నడుస్తాయి. అందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకే ఒక్క వాక్యం: పోలండ్‌లో ఫ్యాక్టరీ పెడతానని వెన్నర్‌స్ట్రోమ్ 6 కోట్ల క్రోనర్ల సాయం తీసుకున్నాడు, ఫ్యాక్టరీ పేరుకే ఉంది. మిగతాదంతా వేగంగా చదివేయండి. ఈ దారం నవల చివర్లోనే మళ్లీ తగులుతుంది, అప్పుడు ఈ వాక్యం ఒక్కటే అక్కరకొస్తుంది.

అసలు కథ మికాయెల్ రైలెక్కి ఉత్తరాన ఉన్న హెడెస్టాడ్ చేరాక మొదలవుతుంది. అది కల్పిత ఊరు, మ్యాపులో వెతకొద్దు. అక్కడి ముసలి పారిశ్రామికవేత్త హెన్రిక్ వాంగర్ అడిగేది ఒకటే: 1966లో 16 ఏళ్ల వయసులో మాయమైన అన్న మనవరాలు హ్యారియట్‌ను చంపిందెవరో తేల్చమని. ఆ రోజు వాంగర్ కుటుంబం ఉండే దీవిని ఒడ్డుతో కలిపే వంతెన మీద ఆయిల్ ట్యాంకరూ కారూ ఢీకొని దారి మూసుకుపోయింది. లోపలివాళ్లు బయటికి పోలేదు, బయటివాళ్లు లోపలికి రాలేదు. అంటే ఇది పాతకాలపు 'తాళం వేసిన గది' మిస్టరీయే, గది బదులు దీవి. ఈ వంతెన దాకా వచ్చారంటే ఇక పుస్తకం మిమ్మల్ని వదలదు.

వాంగర్ కుటుంబం చాలా పెద్దది, పేర్లు కలిసిపోతాయి. పుస్తకంలో వంశవృక్షం ఇచ్చారు, ఆ పేజీలో ఒక చీటీ పెట్టుకోండి. ఫోన్లో చదివేవాళ్లు ఫోటో తీసుకోండి, లేకపోతే ప్రతిసారీ వెనక్కి వెళ్లలేరు. కష్టమనిపిస్తే ఇంత గుర్తుపెట్టుకున్నా చాలు: అన్నదమ్ములు ఐదుగురు, రిచర్డ్, హరాల్డ్, గ్రెగర్, గుస్టావ్, హెన్రిక్. రిచర్డ్ కొడుకు గాట్‌ఫ్రిడ్, అతని భార్య ఇజబెల్లా, వాళ్ల పిల్లలు మార్టిన్, హ్యారియట్. హరాల్డ్ పిల్లలు బిర్గర్, సెసిలియా, అనీటా. రిచర్డ్, హరాల్డ్, గ్రెగర్ నాజీ రాజకీయాల్లో తిరిగినవాళ్లు. ఇది అలంకారం కోసం పెట్టింది కాదు, లార్సన్ జీవితమంతా తవ్విన విషయం.

పుస్తకానికీ సినిమాలకూ తేడా ఎలా ఉంటుందో ఒక్క క్లూ దగ్గర చూపిస్తాను. హ్యారియట్ డైరీ వెనక ఐదు పేర్లు, పక్కన ఐదు అంకెలు ఉంటాయి. 'మాగ్డా 32016', 'సారా 32109', 'ఆర్‌జే 30112', ఈ తరహాలో. పోలీసులు వాటిని ఫోన్ నంబర్లనుకుని దశాబ్దాలు పోగొట్టారు. అసలు సంగతి: మొదటి అంకె 3 అంటే బైబిల్‌లో మూడో పుస్తకం, లేవీయకాండం. తర్వాతి రెండంకెలు అధ్యాయం, చివరి రెండు వచనం. 32016 అంటే లేవీయకాండం 20వ అధ్యాయం 16వ వచనం. ఇంట్లో తెలుగు బైబిల్ ఉంటే తీసి చూడండి, సరిగ్గా సరిపోతుంది. ఆ వచనాల్లో ఉన్న శిక్షలే హత్యల పద్ధతులు.

ఈ ముడి ఎవరు విప్పారన్నది చూడండి. నవలలో మికాయెల్ కూతురు పెర్నిల్లా, తండ్రిని చూడ్డానికి వచ్చి వెళ్తూ యథాలాపంగా అన్న మాటతో అతనికి వెలుగుతుంది. చర్చి గుంపుల్లో తిరిగే పిల్ల కాబట్టి ఆమెకు చూడగానే తెలిసింది. మీరు చూసిన, 2011లో డేవిడ్ ఫించర్ తీసిన సినిమా దీన్ని అలాగే ఉంచింది. 2009 స్వీడిష్ సినిమాలో కూతురు లేదు. మికాయెల్ కంప్యూటర్‌లోకి దొంగతనంగా దూరి చూస్తున్న హ్యాకర్, ఈ నవలల కథానాయిక లిజ్బెత్ సలాండరే కోడ్ పట్టేసి అతనికి ఈమెయిల్ పంపుతుంది. స్క్రీన్‌ప్లే పరంగా ఇది గట్టి మార్పు. నవలలో ఇద్దరూ చాలా ఆలస్యంగా కలుస్తారు, సగం పుస్తకం రెండు వేర్వేరు కథల్లా నడుస్తుంది. సినిమాకి అంత తీరిక ఉండదు, ఒక్క ఈమెయిల్‌తో ఇద్దరినీ కలిపేశారు. నా లెక్కలో ఈ ఒక్కచోట స్వీడిష్ సినిమా నవల కన్నా మెరుగు.

జైలు సంగతీ అంతే. నవలలో మికాయెల్‌కు పడ్డ 3 నెలల శిక్ష కథ మధ్యలో అనుభవించి వస్తాడు. స్వీడిష్ సినిమాలో చివర్లో వెళ్తాడు. ఫించర్ సినిమాలో జైలే లేదు, దాచుకున్న డబ్బు పోవడమే శిక్ష.

*ఈ పేరా సినిమా చూసినవాళ్లకు మాత్రమే.* నవలలోనూ స్వీడిష్ సినిమాలోనూ హ్యారియట్ దొరికేది ఆస్ట్రేలియాలో. ఫించర్ సినిమాలో లండన్‌లోనే, అనీటా పేరుతో బతుకుతూ దొరుకుతుంది. మీరు చూసింది ఇదే. ఇక అసలు ముఖ్యమైన తేడా చివరి నిమిషంలో ఉంది. నవల చివర లిజ్బెత్ మికాయెల్ కోసం ఎల్విస్ బొమ్మ ఉన్న రేకు బోర్డు కొని తీసుకెళ్తుంది. అతను తన పత్రిక సంపాదకురాలు, ప్రియురాలు ఎరికాతో కలిసి నడుస్తూ కనిపిస్తాడు. దాన్ని చెత్తకుండీలో పడేసి వెళ్లిపోతుంది. ఫించర్ దాన్ని లెదర్ జాకెట్‌గా మార్చి సన్నివేశం ఉంచాడు. స్వీడిష్ సినిమాలో ఈ సన్నివేశమే లేదు. దీని ఫలితం రెండో భాగంలో తెలుస్తుంది. ఏడాదికి పైగా లిజ్బెత్ మికాయెల్ ముఖం ఎందుకు చూడలేదో నవల చదివినవాళ్లకు తెలుసు, స్వీడిష్ సినిమాలు మాత్రమే చూసినవాళ్లకు తెలియదు. 'రెండో సినిమాలో ఈ పిల్లకి కోపం దేనికి?' అని అడిగేవాళ్లంతా ఆ బాపతే.

మీరు మొదట ఫించర్ సినిమా చూడటం వల్ల ఒక నష్టం జరిగింది. లిజ్బెత్ తన చిన్నతనం గురించి చెప్పే ఒక మాట అందులో వచ్చేసింది. స్వీడిష్ సినిమా కూడా దాన్ని ఫ్లాష్‌బ్యాక్ ముక్కలుగా మొదటి భాగంలోనే చూపించేసింది. నవలల్లో ఆ గుట్టు రెండో పుస్తకం దాకా దాచి ఉంచాడు. అందుకే చెప్తున్నాను, ఒక్క పుస్తకం, తర్వాత దాని సినిమా, తర్వాత ఇంకో పుస్తకం అనే పద్ధతి ఇక్కడ సరిగ్గా పనిచేయదు. ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే మొదటి రెండు పుస్తకాలు పూర్తయ్యేదాకా ఏ సినిమా జోలికీ వెళ్లొద్దని చెప్పండి. మీకు ఆ అవకాశం పోయింది కాబట్టి మీ వరుస ఇలా పెట్టుకోండి: ఇప్పుడు మొదటి నవల పూర్తి చేయండి. వెంటనే రెండు, మూడు నవలలు విరామం లేకుండా. ఆ తర్వాత స్వీడిష్ 6 భాగాలు ఒక వారంలో.

రెండూ మూడూ ఎందుకు కలిపి చదవాలంటే, 'ద గర్ల్ హూ ప్లేడ్ విత్ ఫైర్' చివరి పేజీలో లిజ్బెత్ ప్రాణం గాల్లో ఉండగా పుస్తకం ఆగిపోతుంది. 'ద గర్ల్ హూ కిక్డ్ ద హార్నెట్స్ నెస్ట్' అదే రాత్రి హెలికాప్టర్‌లో ఆమె ఆస్పత్రికి వచ్చే దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఆరు నెలలు గ్యాప్ ఇస్తే రెండో పుస్తకంలోని పేర్లన్నీ మరిచిపోతారు, పైగా మూడోదాంట్లో స్వీడిష్ భద్రతా పోలీసు విభాగం సాపో, దాని లోపలి రహస్య 'సెక్షన్', అందులోని ముసలి అధికారుల పేర్లు కొత్తగా వచ్చి పడతాయి. మూడో పుస్తకం సగం మధ్యలో వదిలేసినవాళ్లలో ఎక్కువమంది ఈ గ్యాప్ బాధితులే.

రెండో నవల మొదటి వంద పేజీలు కూడా కొంచెం ఓపిక అడుగుతాయి. గ్రెనడా దీవిలో లిజ్బెత్ లెక్కల పుస్తకం చదువుతూ ఉంటుంది, తుఫాను వస్తుంది. ప్రధాన కథకు దీనితో పెద్ద పని లేదు, సినిమా కూడా దాదాపు తీసేసింది. తిరిగొచ్చాక స్టాక్‌హోమ్‌లో ఇల్లు కొని ఐకియాకు వెళ్తుంది. కార్లాండా సోఫాలు రెండు, పోయాంగ్ కుర్చీలు ఐదు, స్వాన్స్‌బో టీపాయ్, లాక్ బల్లలు అంటూ బిల్లు చదివినట్టు ఉంటుంది. మొదటి నవలలో కూడా ఆమె కొనదలచిన యాపిల్ పవర్‌బుక్ లాప్‌టాప్‌కు ప్రాసెసర్ నుంచి 960 ఎంబీ మెమరీ దాకా వివరాలిస్తాడు. లార్సన్ బలహీనత ఇదే. ఏరిపారేసే ఎడిటింగ్‌కు రచయిత బతికి లేడు కూడా. కళ్లతో దాటేయండి, కథ దెబ్బతినదు. ఒక్కటి మాత్రం దాటొద్దు: ఆ ఇంటి తలుపు మీద 'వి. కుల్లా' అని ఉంటుంది. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పిల్లల కథల్లో పిప్పి ఉండే ఇంటి పేరు విల్లా విల్లెకుల్లా. పిప్పి పెద్దదైతే ఎలా ఉంటుందన్న ఊహలోంచే లిజ్బెత్ పుట్టింది. మికాయెల్‌ను అందరూ ఏడిపించే 'కాలె బ్లూమ్‌క్విస్ట్' కూడా అదే రచయిత్రి సృష్టించిన బాల డిటెక్టివే. స్వీడిష్ పాఠకుడికి ఇది చూడగానే తగులుతుంది, మనకు ఎవరో చెప్తేగానీ తెలియదు.

స్వీడిష్ వెర్షన్ ఏదో నిడివి చూసి పోల్చుకోండి. థియేటర్ వెర్షన్లు 152, 129, 147 నిమిషాలు. మొదటిదానికి దర్శకుడు నీల్స్ ఆర్డెన్ ఓప్లెవ్, తర్వాతి రెంటికీ డానియెల్ ఆల్ఫ్రెడ్‌సన్. ఆ రెంటినీ మొదట టీవీ కోసమే అనుకున్నారు, మొదటి సినిమా విజయం చూసి థియేటర్లకు మళ్లించారు. పొడిగించిన వెర్షన్‌లో ఒక్కో నవలకు సుమారు 90 నిమిషాల భాగాలు రెండు, మొత్తం 6 భాగాలు, దాదాపు 9 గంటలు. అంటే దగ్గర దగ్గర 2 గంటలు అదనం. మీకు దొరికినది 'పార్ట్ 1, పార్ట్ 2' అని 90 నిమిషాల చొప్పున ఉంటే అది సరైనది. 129 నిమిషాల రెండో సినిమా చూసి 'ఏం జరిగిందో అర్థం కాలేదు' అన్నవాళ్ల తప్పేమీ లేదు, అందులో దర్యాప్తు మెట్లు చాలా ఎగిరిపోయాయి. ఆడియో తప్పకుండా స్వీడిష్‌లో, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో పెట్టుకోండి. ఇంగ్లీషు డబ్బింగ్‌లో నూమీ రాపాస్ గొంతు పోతుంది. ఆమె లిజ్బెత్ ఎక్కువ మాట్లాడదు, ఉన్న నాలుగు మాటల్లోని గరుకుతనమే ఆ పాత్ర.

ఫించర్ సినిమా పూర్తి నిడివి 158 నిమిషాలు. 2012లో ఇది మన దేశంలో థియేటర్లకు రానేలేదు. సెన్సార్ బోర్డు కొన్ని సన్నివేశాలు తీసేయమంది, ఫించర్ ఒప్పుకోలేదు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా దీన్ని చూసినవాళ్లంతా తర్వాత డిస్కులోనో ఓటీటీలోనో చూసినవాళ్లే. మీరు చూసిన కాపీ 158 నిమిషాల కన్నా బాగా తక్కువ ఉంటే కత్తెర పడిందని అర్థం. ఎడిటింగ్‌కు ఆస్కార్ వచ్చిన సినిమాను కత్తిరించి చూడటంలో అర్థం లేదు.

ఫించర్ సినిమాలో లిజ్బెత్ అయిన రూనీ మారా, నూమీ రాపాస్‌లలో ఎవరు మెరుగు అన్న గొడవ ఎప్పుడూ ఉండేదే. నా తీర్పు: నవలలో లిజ్బెత్ చాలా చిన్నగా, బక్కగా, పద్నాలుగేళ్ల పిల్లలా కనిపిస్తుందని రాశాడు. రూపంలో మారా దగ్గర. కోపంలో రాపాస్ దగ్గర. మూడు భాగాలూ ఒకే మనిషి చేసింది కాబట్టి రాపాస్‌తో ప్రయాణం పూర్తవుతుంది. మారాకు మిగతా రెండు నవలలు దక్కలేదు.

ఇంగ్లీషు అనువాదం గురించి కొంచెం తెలిసి ఉండాలి. అనువాదకుడి పేరు 'రెగ్ కీలాండ్' అని ఉంటుంది. అది మారుపేరు. అసలు మనిషి స్టీవెన్ ముర్రే, ప్రచురణకర్త చేసిన మార్పులు నచ్చక తన పేరు తీయించుకున్నాడు. ఒక్క ఉదాహరణ: స్వీడిష్ మూలంలో డ్రాగన్ వీపంతా పరుచుకున్న పెద్ద బొమ్మ. ఇంగ్లీషులో భుజం ఎముక మీది చిన్న టాటూ అయిపోయింది. పుస్తకం పేరే టాటూ మీద పెట్టి, లోపల టాటూని చిన్నది చేయడం విచిత్రమే. స్వీడిష్ సినిమాలో వీపు మీది బొమ్మ చూసి 'పుస్తకానికి విరుద్ధం' అనేవాళ్లకు ఇదీ సమాధానం, విరుద్ధం ఇంగ్లీషు పుస్తకమే.

నాలుగో పుస్తకం నుంచి ఏం చేయాలి? లార్సన్‌తో 32 ఏళ్లు కలిసి బతికిన ఎవా గాబ్రియెల్‌సన్‌తో ఆయనకు పెళ్లి కాలేదు. చెల్లే వీలునామా లేదు. స్వీడిష్ చట్టం ప్రకారం ఆస్తీ హక్కులూ తండ్రికీ తమ్ముడికీ వెళ్లాయి. వాళ్లు, ప్రచురణకర్త కలిసి డేవిడ్ లాగర్‌క్రాన్స్‌తో మూడు నవలలు రాయించారు, 2015, 2017, 2019లో. ఎవా దీన్ని బహిరంగంగానే వ్యతిరేకించింది. ఆ తర్వాత కారిన్ స్మిర్నాఫ్ 2022 నుంచి కొనసాగిస్తోంది. లాగర్‌క్రాన్స్ వాక్యం లార్సన్ కన్నా శుభ్రంగానే ఉంటుంది, పేజీలు తిరుగుతాయి. లేనిది ఆ కసి. ఎంత అనవసర వివరం రాసినా లార్సన్‌కు ఒక సంస్థ లోపలి నుంచి ఎలా కుళ్లుతుందో తెలుసు. తర్వాతివాళ్లకు లిజ్బెత్ అప్పటికే ఒక సూపర్‌హీరో. ఆసక్తి ఉంటే 'స్పైడర్స్ వెబ్' ఒక్కటి చదివి చూడండి, నచ్చితే ముందుకు వెళ్లండి. ఆ సినిమాతో మాత్రం అంచనా వేయకండి. రెండు, మూడు నవలలు దాటేసి నాలుగోది తీశారు, పైగా నవలకు ఆయువుపట్టయిన ఆగస్ట్ అనే పిల్లవాడి ఆటిజాన్ని, అతను గీసే బొమ్మల్ని పక్కనపెట్టి బైకు ఛేజింగులు పెట్టారు. అందులో లిజ్బెత్‌గా క్లేర్ ఫోయ్ నటన బాగుంది, ఆమె చేస్తున్నది వేరే ఎవరో.

ఒక హెచ్చరిక. మొదటి నవలలోనూ రెండు సినిమాల్లోనూ లిజ్బెత్ మీద ఆమె సంరక్షకుడు బ్యూర్‌మన్ చేసే లైంగిక దాడి పూర్తిగా వర్ణించి ఉంటుంది. ఇంట్లో అందరితో కూర్చుని పెట్టే సినిమా కాదు. పిల్లలకు, ఈ విషయం తట్టుకోలేనివాళ్లకు బహుమతిగా ఇవ్వొద్దు. దాటేసి చదవాలనుకునేవాళ్లకు ఒక వీలుంది: బ్యూర్‌మన్ ఆ దాడులు చేసే సన్నివేశాలు కలిపి కొన్ని పేజీలే. ఫలితం మాత్రం తెలిసి ఉండాలి, ఎందుకంటే రెండో నవల కథ కదిలేది అతని పగతోనే.

మీరు 70వ పేజీలో ఉన్నారు కదా. వెనక్కి వెళ్లకండి. పోలండ్ వాక్యం ఒకటి కాగితం మీద రాసిపెట్టుకుని, మికాయెల్ రైలు దిగేచోటు నుంచి అందుకోండి. వంశవృక్షం పేజీలో చీటీ పెట్టడం మర్చిపోవద్దు.